పెద్దమ్మ చేసిన ప్రమాణం

మా పెద్దమ్మ పోయింది. రేపల్లె నుంచి పక్కింటావిడ ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో క్లాసు చెబుతున్నాను. "పొద్దున పాలు పోయించుకుందమ్మా. కాఫీ కలుపుకుని అరుగు మీద కూర్చుంది. గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకుంది, అంతే" అని చెప్పిందావిడ. పిల్లలకు ఏమని చెప్పి బయటకొచ్చానో గుర్తులేదు. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. ఇప్పుడు ఆ కాగితం చెల్లుతుందా?

ఆ కాగితం సంగతి చెబితేగాని మా పెద్దమ్మ ఎలాంటి మనిషో చెప్పినట్టు కాదు.

ఆవిడ మా అమ్మకు అక్క. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయాడు. పిల్లల్లేరు. నా చిన్నప్పుడే అమ్మ పోతే, నాన్న నన్ను రేపల్లె తీసుకెళ్లి ఆవిడ దగ్గర వదిలాడు. అక్కడే పెరిగాను. మా ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా పెద్దమ్మ ముందురోజే వెళ్లేది. పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని బండెడు కూరలు తరిగేది, వంటవాళ్లతో పోట్లాడేది, పిల్లలకు పాలు పట్టేది. బాజాలు గట్టిగా మోగే వేళకు మాత్రం ఇంకా వెనక్కి జరిగి గోడవారన నిలబడేది. రమ్మని ఎవరూ పిలిచేవాళ్లు కాదు. వద్దని కూడా ఎవరూ అనేవాళ్లు కాదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి.

నలభై దాటాక, పోర్చుగల్ ఆయన్ని పెళ్లి చేసుకుంటానని నేను చెప్పినప్పుడు బంధువుల్లో కొందరు మొహం మీదే నవ్వారు. ఉప్పు నేలల మీద పని చేసే మనిషి ఆయన. బాపట్లలో ఒక సదస్సుకొచ్చినప్పుడు పరిచయం. పెద్దమ్మ అంతా విని, అన్నం తింటాడా అని అడిగింది. తింటాడు, వాళ్ల దేశంలోనూ వరి పండుతుంది అన్నాను. "అయితే ఏంటంట వీళ్ల బాధ?" అంది. ఆ రోజు నుంచి ఆయన ఆవిడకు 'ఆ అబ్బాయి' అయ్యాడు. యాభై ఏళ్ల అబ్బాయేంటి పెద్దమ్మా అంటే, పెళ్లి కావలసిన వాడు ఎవడైనా అబ్బాయే అనేది.

పెళ్లి అక్కడ, రిజిస్ట్రారు ఆఫీసులో. దానికి కావలసిన కాగితాలు ఇక్కడ. ఆయనకు ముందొక పెళ్లయి విడిపోయింది, దానికి ఒక్క కాగితం చాలింది. అసలు చేసుకోని నాకు, చేసుకోలేదని రుజువు చేయడానికి ఊళ్లు తిరగాల్సి వచ్చింది. పుట్టిన తేదీ పత్రంలో 'ఆడ శిశువు' అని ఉంది తప్ప నా పేరు లేదు. పేరు ఎక్కించుకోవడానికి రేపల్లె మున్సిపాలిటీకి పెద్దమ్మను వెంటబెట్టుకు వెళ్లాను. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఆ తికమక విప్పాక గుమాస్తా, ఈ పేరు పెట్టడం మీరు చూశారా అని ఆవిణ్ణి అడిగాడు. చూశానంటే పని అయిపోయేది.

"పేరు చెప్పింది నేనేనండి. బియ్యంలో రాసింది వాళ్ల నాన్న. రాయడం నేను చూళ్లేదు, గుమ్మం అవతల ఉన్నాను" అంది.

నేను నెత్తి కొట్టుకున్నాను. గుమాస్తా నవ్వి, స్కూలు సర్టిఫికెట్ తెమ్మన్నాడు. తెచ్చాం. పేరు ఎక్కింది. కానీ ఆ రోజే నాకు అర్థం కావాల్సింది, పెద్దమ్మ చేత చూడనిది చూశానని గానీ, చూసింది చూడలేదని గానీ అనిపించడం ఎవరి వల్లా కాదని.

మిగిలింది అవివాహితనని ప్రమాణ పత్రం. నాన్న కూడా పోయి కన్నవాళ్లెవరూ లేరు గనక పెంచిన పెద్దలు నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత కాగితం హైదరాబాదు వెళ్లి అపోస్టిల్ ముద్ర వేయించుకురావాలి. ఇది ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న కాగితమేనని పైదేశం వాళ్లు నమ్మడానికి ఆ ముద్ర. తెనాలిలో తెలిసిన ప్లీడరు గారు నోటరీ కూడా. ఇద్దరం రేపల్లె రైల్లో వెళ్లాం. ఆయన ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించారు. ఏ చట్టం ప్రకారం గానీ, ఏ ఆచారం ప్రకారం గానీ ఈమెకు ఇంతవరకు ఎవరితోనూ వివాహం జరగలేదు అని.

పెద్దమ్మ కలం కింద పెట్టేసింది. "ఏ ఆచారం ప్రకారమూ అని ఉందా బాబూ?"

ఉందన్నారాయన.

"అయితే నేను పెట్టలేను. అరటిచెట్టుతో అయిందిగా."

ప్లీడరు గారు ముందు నావంక చూసి, తర్వాత నవ్వారు. చెట్టొచ్చి కోర్టులో అభ్యంతరం చెప్పదులేండి పిన్నిగారూ అన్నారు.

"చెట్టు రాదు బాబూ. నేను చూశానుగా" అంది పెద్దమ్మ. ఆ ముక్క కూడా రాస్తే సంతకం పెడతానంది. రాస్తే అక్కడివాళ్లు ఆ భర్త ఎవరు, ఎలా పోయాడు, మరణ ధ్రువపత్రం ఏదీ అంటారని ఆయన నచ్చజెప్పారు. దూరపు బంధువు ఎవరితోనైనా చేయించవచ్చని నాతో విడిగా అన్నారు. నాకు మనసొప్పలేదు. అక్కడ రిజిస్ట్రారు తేదీ ఇచ్చేశారు. ఆ తేదీ దాటితే మళ్లీ మొదటికొస్తుంది. తిరుగు రైల్లో పెద్దమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు.

అరటిచెట్టు సంగతి నిజమే. నాకు పాతికేళ్లు దాటినప్పుడు సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోతుంటే, జాతకంలో కుజదోషం ఉందన్నారు. ముందు అరటిచెట్టుకిచ్చి పెళ్లి చేసి చెట్టును కొట్టేస్తే దోషం దానితో పోతుందట. కొల్లూరు దగ్గర లంకలో తెలిసినవాళ్ల తోట. చెట్టుకు పంచె చుట్టారు, బొట్టు పెట్టారు. నా మెడలో పసుపుతాడు పడింది. యూనివర్సిటీలో చదివొచ్చినదాన్ని, ఆ పీటల మీద ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. నాన్న మొహం చూడలేక అనుకుంటాను. అదైనా నిజమో కాదో. మంత్రాలయ్యాక చెట్టును కొట్టి కృష్ణలో వదిలేశారు. ఆ తర్వాత, మొగుడు పోయిన ఆడదానికి పోసినట్టు నా నెత్తిన నీళ్లు పోయాలి. ముత్తైదువలెవరూ ముందుకు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ పెద్దమ్మ. మోటారు షెడ్డు పక్కన నిలబడి ఉన్న మనిషిని పిలిచారు.

రైల్లో అలిగి వచ్చిన కొన్నాళ్లకు రేపల్లె వెళ్లాను. ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేనూ ఒక పక్క కూర్చుని తీయడం మొదలుపెట్టాను. పళ్లెం సగం నిండేసరికి తనే మాట్లాడింది.

"ఆ రోజు నీకు నీళ్లు పోసింది నేను. నాకు పోసినప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు. నీకు పోసేటప్పుడూ అలాగే ఉంది. అది ఉత్తుత్తిదని నా చేత్తో ఎలా రాయమంటావే?"

ఇన్నేళ్లూ నేను దాన్ని ఎవరికీ చెప్పుకోలేని వెర్రి ముచ్చటగా దాచుకున్నాను. ఆవిడ మాత్రం నన్ను తన చేతులతో విధవను చేశానని మోస్తూ వచ్చింది.

"నీకేమనిపించింది అప్పుడు?" అని అడిగింది.

"చలేసింది పెద్దమ్మా."

"ఏడుపు రాలేదూ?"

"లేదు."

"లోపల కూడా?"

నిజంగానే వెతుక్కున్నాను. "లేదు. తల తుడుచుకుని పులిహోర తిన్నాను."

ఆవిడ నావంక అలా చూసి, ఉన్నట్టుండి నవ్వింది. "అవునే, తిన్నావు. మళ్లీ పెట్టించుకున్నావు కూడా."

కళ్లు తుడుచుకుని, ఎప్పుడూ ఎత్తని పెదనాన్న మాటెత్తింది. ఆయన పొలం నుంచి పొద్దుపోయి వచ్చేవాడట. ఎందుకింత ఆలస్యం అని ఈవిడ అడిగేదట. నువ్వు తిన్నావా అని ఆయన అడిగేవాడట. "పెళ్లంటే నాకు తెలిసింది అంతే. అడిగేవాళ్లుంటే ఆలస్యంగా రావడం కూడా బాగుంటుంది" అంది. ఇంకో చిక్కుడుకాయ అందుకుని, "ఆ చెట్టు నిన్నేమీ అడగలేదు కదా?" అంది.

"లేదు."

"నువ్వూ దాన్నేమీ అడగలేదు."

"లేదు పెద్దమ్మా."

"ఈ అబ్బాయి అడుగుతాడా?"

ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అని అడుగుతాడు, ఆ ఒక్క మాటా తెలుగులో నేర్చుకున్నాడు అని చెప్పాను. పెద్దమ్మ చిక్కుడుకాయల పళ్లెం నావైపు తోసి లేచింది. "మిగిలినవి నువ్వు కానీ. రేపు తెనాలి పోదాం."

మర్నాడు, పెట్టెలో మడత విప్పకుండా దాచుకున్న ఎర్రంచు చీరాల చీర కట్టింది. ప్లీడరు గారి చేత మళ్లీ మొదటినుంచీ చదివించుకుంది. ఏ ఆచారం ప్రకారమూ అన్న చోట ఆపి, ఆలోచించానండి, అది పెళ్లి కాదు అని ఆయనకు చెప్పి, తెలుగులో నిదానంగా సంతకం పెట్టింది. వేలిముద్ర కూడా కావాలంటే బొటనవేలు చాపింది. "ఇన్ని పెళ్లిళ్లు చూశాను బాబూ, ఒక్కదాంట్లో నన్ను ముందుకు రమ్మన్నవాళ్లు లేరు. ఈ పెళ్లి నేను చెయ్యి పెడితేగాని కదలదంటున్నారు" అంది. ఆయన కుర్చీలోంచి లేచి, ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నారు.

నెల తిరక్కుండానే ఫోను. ఆ ఎండలో ఆ తిరుగుళ్లు తిప్పకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. డాక్టరు అలాంటిదేం లేదన్నారు. అయినా ఆ మాట నాలో ఎక్కడా నిలవడం లేదు. దినాలయ్యాక కాగితం ముద్ర వేయించుకుని వచ్చింది. చెల్లుతుందా అని ప్లీడరు గారిని అడిగాను. ప్రమాణం చేసిన రోజు ఉన్నారు కదమ్మా, చెల్లుతుంది అన్నారు. రేపల్లెలో నివసిస్తున్న ఫలానా ఆమె అని ఉంది అందులో. నివసిస్తున్న, అని. ఆ మాట దగ్గరికి రాగానే చదవలేక మడిచేస్తున్నాను.

పెళ్లి తేదీ వాయిదా వేయిద్దామా అని పోర్చుగల్ నుంచి ఆయన అడిగారు. ఏడాదైనా తిరక్కుండా పెళ్లేంటని బంధువులు అంటున్నారు. వాళ్లదీ తప్పని అనలేను. రోజూ ఒకటి అనుకుంటాను, మర్నాటికి ఇంకోటి. చివరికి టికెట్ తీసుకున్నాను. ఆవిడ అంత ఆలోచించి ఒప్పుకున్నదాన్ని ఆపే హక్కు నాకు లేదనిపించింది.

ఆ రోజు సంతకం అయ్యాక తెనాలి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. తుడుచుకోవడానికి ప్లీడరు గారు ఇచ్చిన గుడ్డ పెద్దమ్మ తీసుకోలేదు. నల్లటి బొటనవేలు చీరకు తగలకుండా ఎత్తి పట్టుకుని కూర్చుంది. పక్కనున్నావిడ దాన్ని చూసి, రిజిస్ట్రేషనా పిన్నిగారూ, పొలం ఏమన్నా అమ్మారా అని అడిగింది.

"లేదండి, మా అమ్మాయి పెళ్లి" అంది పెద్దమ్మ.

రైలొచ్చింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని మోచెయ్యి ఊచల మీద ఆనించింది. రేపల్లె చేరేదాకా ఆ వేలు అలా గాలిలోనే ఉంది.