బుట్టలో పారేసిన ముక్కలు

ఇనుము కోసే లేతు మిషను పక్కన ఆరేళ్లు నిలబడితే ఎవరికైనా చెవులు మందగిస్తాయి. అందుకే ఆ కుర్రాడు ఫోనులో ఎప్పుడూ స్పీకరు పెట్టి, గట్టిగానే మాట్లాడతాడు. ఆ రోజు బస్సులోనూ అదే చేశాడు.

“ఆ బూతు వీడియోలు చూసి చెడిపోయేది తలకాయ లేనోళ్లురా. మనకేమవుతుంది?” అన్న స్నేహితుడి గొంతు ముందు సీట్ల దాకా వినబడింది.

పక్కనున్న పెద్దావిడ ఒళ్లో సంచి సర్దుకుంటూ, “నువ్వూ అదే అనుకుంటున్నావా నాయనా?” అంది.

అతను తల కొట్టేసినట్టయి ఫోను పెట్టేశాడు. ఊరంతా జ్వరాలొచ్చినా దోమలు పక్కింటివాణ్ణే కుడతాయనుకునే జాతి మనది. అతనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాడు. పెళ్లయిన నెలకే, “మీరు చూసేది నన్ను కాదు. ఎవరినో చూసొచ్చి, నేనలా లేనని మొహం ముడుచుకుంటారు,” అని భార్య అక్కగారింటికి వెళ్లిపోయింది. ఆమెను తీసుకురావడానికే ఈ బస్సెక్కాడు; ఇవాళ కూడా రాకపోతే ఇక రాదేమోనని అతని భయం. ముక్కూమొహం తెలియని మనిషి కావడం వల్లనేమో, దాచకుండా చెప్పేశాడు.

ఆవిడ ముప్పయ్యేళ్లు సినిమా ఎడిటింగు గదిలో ఫిల్ము ముక్కలు అతికించిన మనిషి. అక్కడ అందరూ కత్తెరమ్మ అనేవారట. భర్త పోయాక ఇద్దరు కూతుళ్లను ఆ కత్తెరతోనే పెంచింది. బొటనవేలి మీద కాయ ఇంకా ఉంది.

“రెండు నిమిషాల కౌగిలింతకి రెండు రోజులు తీసేవాళ్లు. తుమ్ములు, నవ్వులు, ‘కాలు తొక్కావు, జరుగు’ అనడాలు, అన్నీ బుట్టలో పారేసేదాన్ని. కాపురమంటే ఆ బుట్టలోదే నాయనా. ఆ పిల్లని ఏనాడైనా ‘నీకెలా ఉంది’ అని అడిగావా?”

“ఆ వీడియోల్లో ఎవరూ అడగరు పెద్దమ్మా.”

“అడిగే ఉంటారు. నాలాంటిదెవతో కత్తిరించేసి ఉంటుంది.”

అతనికి నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి.

“పెద్దవాళ్లతో చెప్పిద్దామనుకున్నా.”

“నీకు నోరు లేదా?”

బస్సంతా వింటుందని, భార్యకి వేళ్లతో రాశాడు: ‘తప్పు నాదే. నీకెలా ఉందో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు రావచ్చా? వద్దంటే వెనక్కి వెళ్తాను.’

రెండు స్టాపులు దాటినా ఫోను మోగలేదు. మూడో స్టాపులో బస్సు ఆగాక జవాబొచ్చింది: ‘రండి. ముందు మాట్లాడుకుందాం. కాస్త మెల్లగా మాట్లాడండి, మా అక్క చెవులు బాగానే పనిచేస్తాయి.’

ఆరేళ్ల తర్వాత తన చెవులు బాగయినంత సంతోషంతో పక్కకి తిరిగాడు. సీటు ఖాళీగా ఉంది.

“పెద్దమ్మా,” అని కిటికీలోంచి పిలిచాడు.

సంచి భుజాన వేసుకుని, గొడుగు విప్పుకుంటూ, ఆవిడ వెనక్కి చూడకుండా సందులోకి తిరిగింది.