దొంగిలించిన వామాకు

మేము హైదరాబాదుకు వచ్చిన కొత్తలో, నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ రూములో మా పాపకు దగ్గు ఆగలేదు. పక్కన ఒక పెద్దావిడ. ఆమె ఒడిలో డాల్డా డబ్బా, అందులో గుబురుగా వామాకు మొక్క. ఒక ఆకు నలిపి పాప ముక్కు దగ్గర పెట్టింది. ఆ ఘాటు వాసనలో రైళ్ల చప్పుడు ఎక్కడో కలలోలా వినిపించింది. పాప నా భుజం మీద నిద్రపోయింది.

"ఒక కొమ్మ ఇస్తారా అండీ? అబిడ్స్‌లో మాది మేడ మీద ఒక్క గది. కిటికీలో పెట్టుకుంటాను," అన్నాను.

"ఇస్తే బతకది బిడ్డా. దొంగతనం చేస్తెనే మంచిగ పెరుగుతది. నేను జర గటు చూస్తా," అంటూ ముఖం తిప్పుకుంది. నేను తుంచుకునేదాకా ఇటు చూడలేదు.

ఆమె పేరైనా అడగలేదు. ఇప్పుడు మా కిటికీ నిండా వామాకే. ఎవరైనా కొమ్మ అడిగితే, నేను కాసేపు వీధిలోకి చూస్తాను.