పని లేని ఆషాఢం

ఆషాఢం వచ్చిందంటే మా వైపు ఎవరూ కొత్త ఇంటికి పునాది తీయరు. ఇళ్లకు ప్లాన్లు గీసే మాలాంటి చిన్న ఆఫీసుకు ఆ నెలంతా ఫోను మోగదు. కర్నూల్లో ఆ ఆఫీసును నేనూ నా భర్తా కలిసి నడిపాం. గదులు ఎక్కడ, కిటికీలు ఎక్కడ అన్నది ఆయన చూసుకునేవారు. స్లాబుకూ స్తంభాలకూ ఇనుప కంబి ఎంత పడాలో నేను లెక్కకట్టేదాన్ని. ఒక ఏడాది వేసవిలో ఆయన గుండెపోటుతో పోయారు.

కర్మకాండలు కాగానే ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను. ధైర్యం గల మనిషినని అందరూ అన్నారు. ధైర్యమేమీ కాదు. ఇంట్లో కూర్చున్నా ఆఫీసులో కూర్చున్నా ఒకేలా ఉండేది. ఆఫీసులో ఫ్యాను కాస్త బాగా తిరిగేది, అంతే.

నాతో మిగిలింది మా దగ్గర ఇంజినీరుగా పనిచేసే అమ్మాయి ఒక్కతే. కర్నూలు పాతబస్తీలో బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం వాళ్లది. ఆషాఢం మొదట్లో ఒకరోజు టీ తాగుతూ అంది.

"పని లేనప్పుడే గదా మేడమ్, మన గురించి మనం చెప్పుకునేది. వెబ్‌సైటులో అన్నీ పాత ఫొటోలే ఉండాయి. మనం కట్టించిన ఇండ్లోళ్లకు ఫోన్ చేద్దాం. ఇండ్లు ఇప్పుడెట్లుండాయో ఫొటోలు తీసుకుందాం. నెట్‌లో మన గురించి నాలుగు మాటలు రాయమందాం. శ్రావణం వచ్చేలోపల మనం ఉండామని జనాలకు తెలియాల."

సరేనన్నాను. వద్దనడానికి నాకు కారణమేమీ తోచలేదు.

మొదటి ఫోను నంద్యాలలో ఒక మాస్టారికి చేశాను. నా గొంతు వినగానే, "సార్ బాగుండాడా మేడమ్?" అన్నారు.

"లేరండీ. ఎండాకాలంలో పోయినారు."

ఆయన బాధపడ్డారు, దేవుణ్ణి తిట్టారు. అంతా విని, "మీ ఇంటి ఫొటోలు తీసుకోవడానికి రావచ్చా?" అని అడిగాను.

తర్వాతివన్నీ అలాగే నడిచాయి. రానురాను ఆ మాట నా నోటికి అలవాటైపోయింది. ముందు ఆయన లేరని చెప్పడం, వాళ్లు తేరుకునేదాకా ఆగడం, తర్వాత ఫొటోల సంగతి. పక్క కుర్చీలోంచి వింటున్న అమ్మాయి కళ్లు తుడుచుకుని, "ఇంక నేను చేస్తాలే మేడమ్" అంది. వద్దన్నాను. నాకేమీ అనిపించడం లేదని ఆమెకు చెప్పలేదు.

నెట్‌లో మా ఆఫీసు పేరు కింద మాటలు రాసాగాయి. ఇల్లు బాగుందని ఎవరూ రాయలేదు. సార్ దేవుడు, సార్ ఆత్మకు శాంతి కలగాలి అని రాసి అయిదు స్టార్లూ ఇచ్చారు.

"కొత్తోళ్లు చూస్తే ఆఫీసు మూసేసినారనుకుంటారేమో మేడమ్. తీసేయమని అడగలేం గదా."

"ఉండనీ" అన్నాను.

ఫొటోలకు మొదట ఎర్రగుంట్ల వెళ్లాం. కారు ఆ అమ్మాయే నడిపింది. అది సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే ఆయన ఇల్లు. ఫోనులో ఆయనతో మాట్లాడాను కానీ, ఆయన భార్యకు ఆ కబురు చెప్పినట్టు లేడు. ఆమె తలుపు తీసి మా వెనక్కి చూసి, "సార్ రాలేదా అక్కా?" అంది.

చెప్పాను. ఆమె గడప మీద కూలబడింది. ఓదార్పు మాటలేమీ అనలేదు. కాసేపటికి లేచి, "రాక్కా, ఒకటి చూపిస్తా" అని పడమటి గదిలోకి తీసుకుపోయింది. కిటికీకి అడ్డంగా రేకు కొట్టి ఉంది. పగటిపూటే గది చీకటి. మంచం లేదు, బియ్యం బస్తాలున్నాయి.

"శానా మొండాయనక్కా మీ ఆయన. ఈడ కిటికీ వద్దు, ఫ్యాక్టరీ దుమ్మంతా ఇంట్లోకే వస్తాదంటి. గాలి రావాలమ్మా, దుమ్మొస్తే నన్ను తిట్టుకో అన్యాడు. ఇన్నాళ్లూ తిట్టుకుంటానే ఉండా."

ఆయన పోయాక ఆయన తప్పు చేశారని నాతో అన్న మొదటి మనిషి ఆమే. దేవుడని చెప్పిన వాళ్లందరి మాటల్లోనూ నాకు ఆయన కనిపించలేదు. ఈ రేకు ముందు నిలబడితే పెన్సిలు చెవిలో పెట్టుకుని వాదించే మనిషి కనిపించాడు.

"నేనూ అదే చెప్పినా" అన్నాను.

"ఇనలేదా?"

"ఇనలేదు."

ఆమె నవ్వింది. నేను నవ్వానో లేదో గుర్తు లేదు. బ్యాగులోంచి టేపు తీసి కిటికీ కొలిచాను. అమ్మాయి ఇంటి ముందుకు పోయి ఫొటోలు తీసింది.

కర్నూలుకు తిరిగొచ్చాక ఆ గదిని మళ్లీ గీశాను. పడమర గోడలోని కిటికీ మూసి, తూర్పున వసారా వైపు కిటికీ పెట్టాను. అలా గీయడం నా పని కాదు, అయినా చేయి ఆగలేదు. ఆ ఆషాఢంలో మాకు దొరికిన పని అదొక్కటే.

శ్రావణంలో ఎవరో కొత్తాయన ఫోన్ చేశాడు. నెట్‌లో అవన్నీ చదివాడట.

"సార్ లేకపోయినా ప్లాన్లు గీస్తాండారా మేడమ్?"

"గీస్తాను."

"ఎప్పుడు రమ్మంటారు?"

ఎప్పుడైనా రమ్మన్నాను. ఖాళీగానే ఉన్నానని చెప్పాను.