రెండు డిగ్రీల తీసివేత

మా వదినను తిట్టాలని కూర్చుంటే నాకు పొద్దు చాలదు. మా ఆయనకు ఆమె సొంత అక్క కాబట్టి ఆయన ముందు తిట్టను. ఇక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

వదిన ఓడరేవు పట్నంలో వాతావరణ కార్యాలయంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తోంది. చలికాలంలో రోజూ మధ్యాహ్నం ఆమె రాసిన కాగితమే సాయంత్రం రేడియోలో చదువుతారు. అందులో రెండు భాగాలు. మొదటిది తీరానికి: గాలి జోరు, అలల ఎత్తు, పొగమంచు ఎన్నింటికి విడుతుంది. రెండోది మాలాంటి లోపలి ప్రాంతాలకు: తెల్లవారుజామున చలి ఎంత, గడ్డమంచు పడుతుందా పడదా. మాది టమాటా చేను. ఒక్క తెల్లవారుజామున గడ్డమంచు పడితే చాలు, పొద్దెక్కేసరికి మొక్కలన్నీ ఉడకేసిన ఆకుకూరలా వాలిపోతాయి. అందుకే ఆ రెండో భాగం వచ్చే వేళకు మా ఊళ్ళో పిల్లల ఏడుపు కూడా ఆగాల్సిందే.

వదిన గది మూడో అంతస్తులో ఉంటుంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచిపోయాయి. బల్ల నిండా పటాలు, వాటి మీద టీ గ్లాసుల మచ్చలు. కళ్ళజోడు తల మీదికి నెట్టుకుని, పెన్సిలు కొరుకుతూ రాస్తుంది. అనవసరంగా ఒక్క మాట రాయదు. లోపలి ప్రాంతాల చలి విషయంలో పన్నెండేళ్ళుగా ఆమె లెక్క తప్పింది లేదు. మా ఊళ్ళో ఆమెను చలిమేడం అంటారు. ఆ మేడం తమ్ముడినని మా ఆయన రచ్చ దగ్గర మీసం దువ్వుకునేవాడు.

మా చేనుకు రెండు మైళ్ళ దూరంలో కొలతల కేంద్రం ఉంది. ఒక గది, వంటిల్లు, చుట్టూ ఖాళీ స్థలం. ఆ స్థలం నడిమధ్యన సందుల గోడలున్న తెల్లచెక్క పెట్టె ఉండాలి, అందులో థర్మామీటర్లు ఉండాలి. ఉద్యోగి తెల్లవారుజామున వెళ్ళి చూసి, అంకె పట్నానికి ఫోనులో చెప్పాలి. ఆ ఉద్యోగిని అందరూ దుప్పటి మామ అనేవారు. దుప్పటి లేకుండా ఆయనను చూసిన మనిషి లేడు.

ఒకసారి టమాటాలు ఇచ్చి వద్దామని వెళ్ళాను. పెట్టె మైదానంలో లేదు. వంటింటి గోడకు ఆనించి ఉంది. అవతలి వైపు పొయ్యి. పెట్టె మీద ఆయన లోదుస్తులు ఆరేసి ఉన్నాయి. పెట్టె తలుపు తీస్తే థర్మామీటర్ల పక్కన గ్లాసు, గ్లాసులో ఆయన కట్టుడు పళ్ళు.

"ఇదేంటి మామా?" అన్నాను.

"మరేం చెయ్యమంటావమ్మా? ఈ మోకాళ్ళతో చలి దగ్గరికి నేను పోలేను. చలినే నా దగ్గరికి తెచ్చుకున్నా" అన్నాడు. వంటింటి కిటికీ పక్కనే మంచం వేసుకుని, కిటికీలోంచి టార్చి వేసి, మంచం దిగకుండానే అంకె చూసుకుంటాడట. అది కూడా గొప్పగా చెప్పాడు.

నేను ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. పెట్టె ఎక్కడుంటే నాకెందుకనుకున్నాను.

పోయిన చలికాలం మొదట్లో దుప్పటి మామ రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది గానీ, వచ్చిన వారంలోనే ఇద్దరు కూలీలను పెట్టి పెట్టెను మైదానం మధ్యకు మోయించింది. లోపలంతా సబ్బుతో కడిగింది. రోజూ తెల్లవారుజామున మఫ్లరు చుట్టుకుని బయటికి వెళ్ళి అంకె చూసేది. ఉద్యోగమంటే అలా చెయ్యాలని మా ఆయన కూడా మెచ్చుకున్నాడు.

మూడు వారాలకు ఒక సాయంత్రం రేడియోలో చెప్పారు: రేపు తెల్లవారుజామున లోపలి ప్రాంతాల్లో గడ్డమంచు ఖాయం. ఇంకో పది రోజులాగితే పండే కాయలు. ఆగితే చెట్టు మీదే నల్లబడతాయి. మా ఆయన వదినకు ఫోను చేశాడు.

"అక్కా, నిజంగా పడుతుందా?"

"కోసెయ్యరా. ఆలోచించకు" అంది.

ఊరు ఊరంతా చేలలోకి దిగింది. చీకటి పడేదాకా కోశాం. అన్నీ పచ్చివే. తెల్లారి లేచి చూస్తే ఆకు మీద మామూలు మంచు బిందువులు మెరుస్తున్నాయి. గడ్డమంచు జాడే లేదు. ఖాళీ చెట్లు మాత్రం పచ్చగా, నవనవలాడుతూ నిలబడ్డాయి. ఆ పచ్చదనం చూస్తే ఒళ్ళు మండిపోయింది. మార్కెట్టులో మా కాయలను ముట్టుకున్నవాడు లేడు. వెనక్కి తెచ్చి గట్టు మీద కుప్ప పోశాం. నాలుగు రోజులకు కుళ్ళు నీళ్ళు కారి, ఈగలు ముసిరి, ఇంట్లో అన్నం సహించలేదు.

ఆదివారం వదిన బస్సు దిగింది. తిన్నగా ఆ కుప్ప దగ్గరికే వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను రెండు తీసేశాను మరదలా" అంది.

అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పెట్టె వంటింటి గోడకు ఉందని ఆమెకు పన్నెండేళ్ళ క్రితమే తెలుసు. తనిఖీకి వచ్చి చూసి పై అధికారికి రాసింది. ఆయన పిలిచి, "ముసలాయనతో గొడవెందుకు తల్లీ? పొయ్యి వేడి రెండు డిగ్రీలుంటుంది. నువ్వే తీసేసుకో" అన్నాడట. తీసేసుకుంది. ఆయన పంపిన అంకెలోంచి రోజూ రెండు తీసి రాసింది. లెక్క సరిపోయింది. మేమంతా దాన్ని ప్రజ్ఞ అనుకున్నాం. ఇప్పుడు అమ్మాయి పెట్టె జరిపి సరైన అంకె పంపితే, వదిన అలవాటు కొద్దీ అందులోంచీ రెండు తీసేసింది.

"జరిపినట్టు ఆ పిల్ల చెప్పలేదా?"

"ఉత్తరం రాసింది. పై అధికారి ట్రేలో అడుగున పడి ఉంది. గొడవయ్యాక దొరికింది. చింపేశాడు." కొంగు సర్దుకుని, "అనుమతి లేకుండా పెట్టె కదిపినందువల్లే పొరపాటు జరిగిందని నాతో సంతకం పెట్టించుకున్నాడు" అంది.

"పెట్టారా?"

"పెట్టాను. నా సర్వీసు ఇంకో రెండేళ్ళే కదే."

ఛీ అనేశాను, మొహం మీదే. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమెను అంత మాట అనలేదు. ఆ పూట భోజనానికి కూడా ఆగకుండా బస్సెక్కింది. పన్నెండేళ్ళు ఒకడి బద్ధకాన్ని పెన్సిలుతో సర్ది, దానితో చలిమేడం అన్న పేరు తెచ్చుకున్న మనిషి. దుప్పటి మామ పళ్ళ గ్లాసు కన్నా ఆ పెన్సిలే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

వారం తర్వాత పెద్దాఫీసు నుంచి విచారణకు ఒకాయన వచ్చాడు. మా వరండాలో కుర్చీ వేయించుకుని ఫైలు తెరిచాడు. వెనక ఆ అమ్మాయి నిలబడింది, చేతిలో మఫ్లరు నలుపుతూ. దుప్పటి మామ దొడ్లోకి నేను టమాటాలు తీసుకెళ్ళానని ఎవరో చెప్పారట. పెట్టె మోసిన కూలీలు అప్పటికే వేరే జిల్లాకు పనులకు వెళ్ళిపోయారు, ఇంకెవరూ అటు తొంగిచూసింది లేదు.

"చూడమ్మా, ఈ అమ్మాయి ఆ పెట్టె ముందు గోడకు ఆనించి ఉండేదంటోంది. రికార్డుల్లో మైదానం మధ్యనే ఉన్నట్టుంది, సరిగ్గా ఉన్నదాన్ని ఈమే అటూ ఇటూ జరిపిందని ఆఫీసు వాళ్ళు రాశారు. మీరు చూశారా?"

అమ్మాయి నా మొహం వంక చూసింది, ఇక తేలిపోయిందన్న ధీమాతో. గుమ్మంలోంచి మా ఆయన కూడా నావంక చూశాడు. నేను నిజం చెబితే వదిన సంతకం అబద్ధమవుతుంది.

"నేనెప్పుడూ అటు పోలేదండీ" అన్నాను.

ఆయన రాసుకుని, ఫైలు మూసి, జీపెక్కాడు. అమ్మాయి మెట్లు దిగుతూ ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామని నిలబడ్డాను.

"పర్లేదక్కా, మీకూ ఇబ్బందే కదా" అంది.