బయటి పని మా వదినగారిది

మా వియ్యపురాలు పోయారు. వినాయక చవితి వెళ్ళిన వారంలో, పొద్దున్నే కాఫీ కలుపుకుని, గ్లాసు చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్ళబోతూ వెనక తలుపు దగ్గర కూలబడిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయిందన్నారు. ఆవిడ మా కోడలి తల్లి. ఇక్కడ, ఈ పరాయి దేశంలో, అరోరా అనే ఊళ్ళో మా అబ్బాయి ఇంట్లో ఆవిడా నేనూ ఒకే కప్పు కింద ఏళ్ళ తరబడి ఉన్నాం. వియ్యపురాళ్ళం కాబట్టి ఒకరినొకరం వదినగారూ అనే పిలుచుకున్నాం.

నాకు అక్షరం రాదు. నేను ఫోన్‌లో చెబుతుంటే మా మేనకోడలు రాసిపెడుతోంది. ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికలో ఆవిడ ఫోటో వేసి నాలుగు ముక్కలు రాశారు. చదివించుకుని విన్నాను. శాంతస్వభావురాలు అన్నారు. ఎవరినీ ఒక మాట అని ఎరగదన్నారు. కూతురింట్లో ఒక మూల కూర్చుని కాలక్షేపం చేసుకుందన్నారు. పన్నెండో రోజున భోజనానికి వచ్చినవాళ్ళదీ అదే పాట. ఒకావిడైతే చెయ్యి కడుక్కుంటూ, "పాపం, చుట్టంలా ఉండి చుట్టంలా వెళ్ళిపోయింది" అంది. పక్కనే మా కోడలు అరటి ఆకులు తీస్తోంది. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. అది అబద్ధమని చెప్పేదాకా కాబోదు కూడా. అందుకే చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మా వదినగారు మూల కూర్చునే మనిషి కాదు. అయితే ఆవిడకొక పట్టింపు ఉండేది. పాతరోజుల్లో కూతురింట్లో తల్లి నాలుగు పూటలుంటే ఊరు నవ్వేది. ఆ భయాన్ని ఈ దేశం దాకా మూటగట్టుకు తెచ్చుకున్నారు. వంటింట్లో పోపు డబ్బా తియ్యాలన్నా నన్ను అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. అడగొద్దంటే, "మీరు ఇంటివారు వదినగారూ. లోపలిది మీరు చూసుకోండి, బయటిది నేను చూసుకుంటాను" అని పెరడు పట్టుకున్నారు. నవ్వుతూనే అనేవారు, కానీ మాటలో ముల్లుండేది. "మీ అమ్మాయి ఇల్లయినప్పుడు మీరు బయటివారెలా అవుతారు?" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

పెరడంటే ఇక్కడ గడ్డే కదా. గడ్డి కింద పైపులు. తెల్లవారేసరికి నేలలోంచి మూతులు పైకి లేచి చుట్టూ నీళ్ళు చిమ్మి మళ్ళీ లోపలికి దిగిపోతాయి. మేము కొత్తగా వచ్చిన ఏడు చలికాలం ముందు గరాజ్‌లోని టైమర్ ఆపేసి, పని అయిపోయిందనుకున్నాం. ఇంటిల్లిపాదీ అదే అనుకున్నాం. మన ఊళ్ళల్లో కుళాయి కట్టేస్తే కట్టేసినట్టే. లోపల మిగిలిన నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, ఇత్తడిని కూడా చీలుస్తాయని మనకెవరు చెప్పారు? ఎండాకాలం ముందు మళ్ళీ నీళ్ళు వదిలితే గోడలోంచి ధార కట్టి బేస్‌మెంట్‌లో తివాచీ అంతా తడిసిపోయింది.

ప్లంబర్ వచ్చి గోడ కోసినంతసేపూ వదినగారు అతని భుజం వెనకే నిలబడ్డారు. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగిందే అడిగి, వాల్వ్ కట్టించి, విప్పించి, మళ్ళీ కట్టించి, తనకు అర్థమయ్యేదాకా అతన్ని కదలనివ్వలేదు. ఒక మాట అని ఎరగని మనిషట! ఆ ప్లంబర్‌ని అడగండి చెబుతాడు.

ఆనాటి నుంచి ప్రతి ఏడూ ఆ పని మా ఇద్దరిది. నేను బేస్‌మెంట్‌లో ఉండి తోటకు నీళ్ళు వెళ్ళే వాల్వ్ కట్టెయ్యాలి. ఆవిడ బయట గోడకున్న ఇత్తడి గొట్టం దగ్గర కూర్చుని, దానికున్న చిన్న మరలు స్క్రూడ్రైవర్‌తో తిప్పి, నిలవున్న నీళ్ళు కార్చెయ్యాలి. నేను కట్టకముందే ఆవిడ విప్పితే నీళ్ళు మొహాన కొడతాయి. అందుకని బేస్‌మెంట్ గోడకు పైనున్న చిన్న కిటికీలోంచి కేకలు. "కట్టేశాను వదినగారూ." "విప్పుతున్నాను వదినగారూ." "ఆగిందా?" "ఇంకా కారుతోంది, ఉండండి." ఆ కిటికీ నేలమట్టానికి ఉంటుంది. లోపలినుంచి నాకు ఆవిడ పాదాలే కనబడేవి. మేజోళ్ళ మీద మా అబ్బాయి పాత బూట్లు.

కింద ఒకేలాంటి వాల్వ్‌లు మూడున్నాయి. ప్లంబర్ చీటీలు వేలాడదీసి వెళ్ళాడు. నాకు చదవడం రాదు కదా. మర్నాడు చూస్తే తోట వాల్వ్ మీద ఎర్రటి నెయిల్ పాలిష్‌తో బొట్టు ఉంది. నన్ను ఒక్క మాట అడగలేదు, పెట్టానని చెప్పనూ లేదు.

నీళ్ళు కార్చాక ఆ ఇత్తడి గొట్టానికి తన పాత ఎర్ర నేతచీర ముక్క చుట్టి, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టేవారు. ఇంటి బయట ఆ ఎర్రగుడ్డ ఏమిటని హెచ్ఓఏ అని, ఇక్కడి కాలనీ సంఘం వాళ్ళు మా అబ్బాయికి మెయిల్ పెట్టారు. మరుసటేడు దాని మీద బూడిదరంగు సంచి తొడిగి, "వాళ్ళకి కావలసింది వాళ్ళకి కనబడుతుంది, గొట్టానికి కావలసింది గొట్టానికి ఉంటుంది" అన్నారు.

ఆవిడకొక మాట ఉండేది. "పైపు పగిలేది చలికి కాదు, నిలవున్న నీళ్ళకి." ప్లంబర్ దగ్గర పట్టిన మాటే, కానీ అన్నిటికీ వాడేవారు. ఒకసారి మా అబ్బాయి మీద కోపం వచ్చి నేను మాట మానేశాను. వదినగారు నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా, "నిలవ ఉంచకండి వదినగారూ, తిట్టెయ్యండి" అన్నారు. తిట్టేశాను. ఇల్లు తేలికపడింది.

ఇక మొన్నటి సంగతి. ఆ రాత్రికి నీళ్ళు గడ్డకడతాయని ఫోన్‌లో వాతావరణం కబురు వచ్చింది. మా అబ్బాయి ఆఫీస్ పని మీద వేరే ఊరు వెళ్ళాడు. కంప్రెసర్ తెచ్చి గడ్డి కింద పైపుల్లో గాలి కొట్టి నీళ్ళు తోలేసేవాళ్ళు వచ్చే వారం గానీ రారు. నేల లోపలి పైపులు ఒక్క రాత్రికి తట్టుకుంటాయి. గోడకున్న ఇత్తడి గొట్టం తట్టుకోదు. మా కోడలేమో తల్లి పోయిన దగ్గర్నుంచి వెనక తలుపు తియ్యలేదు. ఆ వైపు బ్లైండ్స్ కూడా ఎత్తదు. ఏడవదు. ఒక మీటింగ్ అవగానే ఇంకో మీటింగ్. నేను ముందు కిటికీకీ వెనక కిటికీకీ తిరుగుతూనే ఉన్నాను. వదినగారయితే పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడేవారు. మధ్యాహ్నమైంది, ఎండ దిగుతోంది. గొట్టం సంగతి కోడలికి చెప్పాను, చెప్పాను, మళ్ళీ చెప్పాను. "పోతే పోనివ్వండి అత్తయ్యా, పైపే కదా" అంది.

నేను బేస్‌మెంట్ మెట్లు దిగడం మొదలుపెట్టాను. పరిగెత్తుకొచ్చింది.

"మీ మోకాళ్ళకి మెట్లు వద్దని డాక్టర్ చెప్పారా లేదా?"

"చెప్పాడు. ఇది ఇద్దరి పని. నేను కింద ఉంటే నువ్వు బయట ఉండాలి."

"నాకది రాదు. అది అమ్మ పని."

"మీ అమ్మకి మాత్రం పుట్టగానే వచ్చిందా?"

అప్పుడు ఆ పన్నెండో రోజు నుంచి గొంతులో పెట్టుకున్న మాట బయటికి తీసింది. "అత్తయ్యా, అమ్మ నా ఇంట్లో నిజంగా చుట్టంలాగే ఉందా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, కోడలి మీద కాదు, ఆ మాట అన్నావిడ మీద. "ఇంట్లో నీళ్ళు ఎక్కడ కడితే ఆగుతాయో ఏ చుట్టానికి తెలుస్తుందే?" అన్నాను. "వెళ్ళు. బయట చీకటి పడకముందే వెళ్ళు."

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. నేను గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, బొట్టున్న వాల్వ్ బిగించాను.

"కట్టేశాను, విప్పు" అని కేక వేశాను. మర తిరిగింది. రాళ్ళ మీద నీళ్ళు భళ్ళున పడ్డాయి. కిటికీలోంచి చూస్తే ఆ బూట్లే. వదినగారు పోయినప్పటి నుంచి తలుపు పక్కన ఎవరూ ముట్టుకోని ఆ బూట్లే వేసుకుంది. పక్కన ఎర్రచీర ముక్క కొస నేలకు వేలాడుతోంది.

"ఆగిందా తల్లీ?"

"ఇంకా కారుతోందత్తయ్యా."

కాసేపాగి మళ్ళీ అడిగాను. ఇంకా కారుతోందనే అంది. ఆ గొట్టం ఖాళీ అవడానికి అంతసేపు పట్టదు. ఇన్నేళ్ళుగా కట్టినదాన్ని, నాకు తెలియదా? కిటికీ అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. రాళ్ళ మీద ధార లేదు. ఆ బూట్లు మాత్రం కదలలేదు.

నేను లోపలికి రమ్మనలేదు. వాల్వ్ మీద చెయ్యి అలాగే ఉంచి, "ఆగాకే చెప్పు. నేనిక్కడే ఉన్నాను" అన్నాను.