సినిమా కారు మావయ్య

ఆదివారం సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్యగారు వెళ్ళిపోయేరే. టీవీలో ఆ సినిమా వేసేడు. కారు వచ్చే టైమైంది, రా రా అని ఒకటే కేకలు. నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి కారూ వెళ్ళిపోయింది, ఆయనా వెళ్ళిపోయేరు."

అంత ఏడుపులోనూ ఆవిడ గొంతులో కాస్త విసుగు వినిపించింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ కారుతో సవతి పోరు పడిన మనిషి. ఆ మాత్రం హక్కుంది.

కొత్తపేట చుట్టుపక్కల వాళ్ళకు ఆ కారును నేను పరిచయం చెయ్యనక్కర్లేదు. మిగతా వారి కోసం చెబుతున్నాను. ఎర్రటి విదేశీ కారు. పైకప్పు ఉండదు, వెనక చేప తోకలాంటి రెండు రెక్కలుంటాయి. ఎవరో జమీందారు మోజుపడి కొని, మోజు తీరాక మూల పడేస్తే మావయ్య తెచ్చుకున్నారు. నా చిన్నప్పుడు ఒక సినిమా వాళ్ళు కాలవ గట్టు మీద షూటింగ్‌కి వచ్చి దాన్ని అడిగారు. అందులో విలన్ కథానాయికను ఎత్తుకుపోయేది ఈ కారులోనే. తెర మీద అది కనిపించేది ఒక్క దగ్గు దగ్గేంత సేపు. ఆ దగ్గుతోనే మావయ్య ఒక జీవితం గడిపేశారు.

కారు ఎడమ తలుపు కొబ్బరి తాడుతో కట్టి ఉండేది. సీట్లలో దూది చివికిపోతే కొబ్బరి పీచు కూరించారు. అయినా సరే, చెప్పులు విడిచి ఎక్కాల్సిందే. శుక్రవారం శుక్రవారం దానికి సాంబ్రాణి పొగ వేసేవారు. ఏ చానెల్లో ఆ సినిమా వేసినా బంధువులందరికీ ఫోన్లు వెళ్ళేవి. "పెట్టేవా? అదుగో, అదుగో... ఆఁ, పోయింది. చూసేవా?" చూశామనేవాళ్ళం. అప్పటికి మా టీవీ ఇంకా వెలిగేది కాదు.

సినిమా పిచ్చి ఈ జాతికి పట్టిన చీడ అని నేను రాయని పత్రిక లేదు. ఆ మాట మీద ఇవాళ్టికీ వెనక్కి తగ్గను. ముమ్మిడివరం నుంచి కె.గంగవరం దాకా పెళ్ళికొడుకులందరూ ఆ కారులోనే ఊరేగాలని పట్టుబట్టేవారు. ఒళ్ళు మండి ఓసారి అడిగాను, "ఆడపిల్లను ఎత్తుకుపోయిన కారులో పెళ్ళి ఊరేగింపేమిటి మావయ్యా?"

"ఎత్తుకెళ్ళింది ఆ వెధవే. కారేం చేసిందే, విప్లవం? ఆ అమ్మాయిని తిరిగి ఇంటికి తీసుకొచ్చిందీ ఈ కారేగా!"

నన్ను పేరుపెట్టి పిలవడం ఆయన ఎప్పుడో మానేశారు. నేను విప్లవాన్ని. "మా విప్లవం వచ్చిందే, టీ పెట్టు," అని అత్తయ్యను కేకేసేవారు.

ఆయన గురించి నేను చెప్పదలుచుకున్నది అసలు ఒక్క సాయంత్రం సంగతి.

దళితపేట కుర్రాడొకడు, బడిలో లెక్కల మేష్టారు, తన పెళ్ళికి ఆ కారు కావాలని అడిగాడు. మావయ్య సరేనన్నారు. అయితే మా ఊళ్ళో ఒక నీతిమాలిన ఆనవాయితీ ఉండేది. పేట పెళ్ళికొడుకు పెద్దవీధి మొదట్లో బండి దిగి, వీధంతా నడిచి, చివర మళ్ళీ ఎక్కాలి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ ఎదురుచెప్పనూ లేదు. నేను పోలీసులకు ఫిర్యాదు, పత్రికకు వ్యాసం, రెండూ సిద్ధం చేస్తుంటే మావయ్య, "నువ్వు రాస్తూండు. నేను తోల్తాను," అన్నారు. ఊరుకుంటానా? వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను, చెప్పులు విడిచే.

వీధి మొదట్లోనే ఆపారు. నీటి సంఘం మాజీ అధ్యక్షులవారు నలుగురిని వెంటబెట్టుకుని ఎదురొచ్చారు. "అబ్బాయిని ఇక్కడ దించెయ్యండి. మాకేం అభ్యంతరం లేదండి, ఆనవాయితీ కదా."

"ఆయ్, అలాగేనండి," అన్నారు మావయ్య. నాకు నెత్తురు మరిగింది. నోరు తెరిచేలోగా కారు రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది.

"దించుదామంటే ఈ తలుపు తాడు బిగుసుకుపోయిందండి. పెళ్ళికొడుకు గోడ దూకినట్టు దూకితే బావుంటుందా? కాస్త నెడితే స్టార్టవుద్దండి. షూటింగ్‌లోనూ ఇంతే. హీరోగారే స్వయంగా నెట్టేరు."

ఆ హీరో కోనసీమ గడప తొక్కనే లేదు. ఆయన సీన్లన్నీ స్టూడియోలోనే తీశారు. ఆ సంగతి మావయ్యే నాకు ఎన్నోసార్లు బాధపడుతూ చెప్పారు.

అధ్యక్షులవారి ముఖం మారిపోయింది. "హీరోగారా! ఎక్కడ చెయ్యేసేరండి?"

"ఇదిగో, ఈ కుడి రెక్క కిందండి."

ఆయన పంచె పైకి బిగించి వెనక్కి వెళ్ళారు. నలుగురూ వెళ్ళారు. అరుగుల మీది వాళ్ళు ఫోన్లు పట్టుకుని దిగారు. సాటి మనిషి కూర్చుని వెళ్తే మైలపడిపోయే వీధి, తుప్పు పట్టిన రేకును ముట్టుకోవడానికి తోసుకుంటోంది! ఇది సమాజమా, సర్కస్సా?

కారు కదిలింది. వెనక సీటు అంచు మీద ఎత్తుగా కూర్చున్న పెళ్ళికొడుక్కి చెమటలు పట్టాయి. "వద్దండీ, నేను దిగిపోతానండీ," అన్నాడు.

"కూర్చోవయ్యా మేష్టారూ. నువ్వు దిగితే బరువు తగ్గిపోయి కారు నడవదు."

లెక్కల మేష్టారు ఆ లెక్క విని సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

నేను మావయ్య చెవిలో పళ్ళు నూరాను. "ఇది మార్పు కాదు. ఒట్టి మోసం. వీళ్ళు మొక్కుతున్నది రేకుకి, మనిషికి కాదు."

ఆయన స్టీరింగ్ మీంచి చూపు తిప్పలేదు. "నిజమేనే. అయితే దింపెయ్యమంటావా?"

కారు దిగాను. బిగుసుకుపోయిందన్న తాడు ఒక్క లాగుకే ఊడి, నా వైపు తలుపు మామూలుగానే తెరుచుకుంది. వెనక్కి వెళ్ళి, అధ్యక్షులవారి పక్కన కాస్త ఖాళీ ఉంటే చెయ్యి వేశాను.

ఆయన రొప్పుతూ నన్ను మోచేత్తో జరిపారు. "కొంచెం అవతలికమ్మా. అది హీరోగారి చోటు."

జరిగాను. మా తలల మీదుగా బాసికం మెరుస్తోంది. పెద్దవీధి నడిమధ్యన, ఊరి పెద్దలందరూ వంగి నెడుతుంటే, మేష్టారు వీపు నిటారుగా పెట్టి కూర్చుని ముందుకు సాగుతున్నాడు.