సర్వధారిలో వచ్చిన లైసెన్సు

2025 ఏప్రిల్, రెండో మంగళవారం. సిడ్నీకి నైరుతిన ఒక మెమరీ క్లినిక్. పెద్ద వయసువాళ్ళ జ్ఞాపకశక్తి ఎలా ఉందో పరీక్షించే చోటు అది. కుర్చీలు మెత్తగా ఉంటాయి, ప్రశ్నలు అంత మెత్తగా ఉండవు. నేను వెళ్ళింది పేషెంటుగా కాదు, దానికింకా టైముంది. తెలుగు ఇంటర్‌ప్రిటర్‌గా.

ఈ ఉద్యోగం గురించి బయటివాళ్ళకి తెలియని విషయం ఒకటుంది. మేం ఎప్పుడూ ఫస్ట్ పర్సన్‌లోనే మాట్లాడాలి. క్లయింటు "నాకు మోకాలు నొప్పి" అంటే నేనూ ఇంగ్లీషులో "నాకు మోకాలు నొప్పి" అనాలి. "ఆవిడకి నొప్పిట" అనకూడదు. ఆ లెక్కన ఈ పదమూడేళ్ళలో నేను ఇద్దరు బిడ్డల్ని కన్నాను, నాలుగుసార్లు విడాకులు తీసుకున్నాను, ఒకసారి పక్కింటివాళ్ళ కోడి మీద కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశాను. ఇంట్లో మా ఆవిడ వీటిలో దేన్నీ పట్టించుకోలేదు.

రెండో రూలు ఇంపార్షియాలిటీ. ఎవరి పక్షమూ వహించకూడదు, కలపకూడదు, తీయకూడదు, ముఖ్యంగా సాయం చేయకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాతగారు మందు పేరు తడుముకుంటుంటే నేను అందించాను. నాకు పనులిచ్చే ఏజెన్సీ వాళ్ళు నన్ను కూర్చోబెట్టి గంటసేపు చాలా మర్యాదగా మాట్లాడారు. ఆస్ట్రేలియాలో అంత మర్యాదగా మాట్లాడారంటే మనం చాలా పెద్ద తప్పు చేశామని అర్థం. అప్పట్నించి నోరు కట్టేసుకున్నాను.

ఆ రోజు క్లయింటు సుభద్రమ్మ గారు. పేరు మార్చాను, ఆవిడ కారు రంగు అసలు చెప్పను. కాకినాడ నించి కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఇప్పుడు ఉండేది ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో. ఈ రాష్ట్రంలో డెబ్భై అయిదు నిండితే ఏటేటా డాక్టరు సరేనంటేనే డ్రైవింగ్ లైసెన్సు నిలుస్తుంది. ఆవిడ విషయంలో ఫ్యామిలీ డాక్టరు సరే అనలేదు, ఈ క్లినిక్‌కి పంపాడు. ఎందుకు అనలేదో బయట వెయిటింగ్ రూములో కూతురు సుజాత నాకు చెప్పేసింది, నేను అడక్కుండానే.

"అమ్మ మొన్న స్టేషన్ పార్కింగ్‌లో కారు పెట్టి, అది మర్చిపోయి వేరేవాళ్ళ కారులో ఇంటికొచ్చేసిందండీ. మర్నాడు పొద్దున్న గరాజ్ తలుపు తీసి, కారు దొంగలెత్తుకుపోయారని నన్ను లేపింది."

"కబుర్లలో పడ్డానే. లక్ష్మి వాళ్ళబ్బాయి కారు ఎదురుగా ఆగితే ఎక్కేశాం నలుగురం," అంది తల్లి. "నువ్వు మీ ఆఫీసులో లాప్‌టాప్ మర్చిపోయి రాలేదూ? నిన్ను తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టానా?"

నేను మాట వినపడనట్టు గోడ మీద పోస్టరు చదివాను. ఇది కూడా ట్రైనింగ్‌లో భాగమే.

ఆ నలుగురే అసలు సంగతి. సుభద్రమ్మ గారి కారులో లక్ష్మి గారితో సహా ముగ్గురు ఆంటీలు గుడికీ, ఫిజియో దగ్గరికీ, ఇండియన్ గ్రోసరీకీ వెళ్తారు. వాళ్ళ పిల్లలు ఆఫీసుల్లో, మనవలు బళ్ళలో ఉంటారు. ఆ లైసెన్సు పోతే ఇంట్లో కూర్చోవలసింది ఆవిడొక్కర్తే కాదు.

లోపల డాక్టర్ హెలెన్. నెమ్మదైన మనిషి, చేతిలో ఫారం. మొదట ఓరియంటేషన్ ప్రశ్నలుంటాయి, అంటే మనిషికి తానెక్కడున్నదీ, ఎప్పుడున్నదీ తెలుసా అని. ఒక్కో జవాబుకి ఒక్కో మార్కు.

"ఇది ఏ సంవత్సరం?"

సుభద్రమ్మ గారు నిటారుగా కూర్చున్నారు. "శ్రీ విశ్వావసు నామ సంవత్సరం."

నేను ఇంగ్లీషులో "ఇది విశ్వావసు అనే పేరున్న సంవత్సరం" అన్నాను. డాక్టరు ఒక్క క్షణం నా వైపు చూసి సున్నా వేసింది.

"ఏ ఋతువు?"

"వసంత ఋతువు. కానీ ఇక్కడ చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. చెట్లనే తప్పు పట్టాలి."

సిడ్నీలో ఏప్రిల్ అంటే శరత్కాలం. ఇంకో సున్నా.

"ఏ నెల?"

"చైత్రం."

"తేదీ?"

"ఏకాదశి. అందుకే ఇందాక మీరిచ్చిన బిస్కెట్ తినలేదు. ఏమీ అనుకోకండి."

నాలుగు ప్రశ్నలు, నాలుగు సున్నాలు. ఆవిడ చెప్పినవన్నీ అక్షరాలా నిజం. రోజూ పొద్దున్నే దీపం పెట్టి సంకల్పం చెప్పుకునే మనిషి నోట్లో ఇవి పళ్ళెంత సహజమో అంత సహజం. సంకల్పం అంటే, పూజ మొదలెట్టే ముందు దేవుడికి మన అడ్రసు, ఆ రోజు తారీఖు పూర్తిగా చెప్పుకోవడం. కానీ నాకు ఆ తాతగారి మందు, ఆ గంటసేపు మర్యాద గుర్తొచ్చాయి. నేను మాట్లాడలేదు. ఇప్పుడు తల్చుకుంటే, ఆ రోజు గదిలో తప్పు చేసింది నేనొక్కణ్ణే.

డాక్టరు ఫారం పక్కన పెట్టి కబుర్లలోకి దిగింది. అది కూడా పరీక్షే, పాత సంగతులు వరసలో గుర్తున్నాయా లేదా అని. "డ్రైవింగ్ ఎప్పుడు నేర్చుకున్నారు?"

"సర్వధారిలో లైసెన్సొచ్చింది. మొదలెట్టింది అంతకు ముందేడు, సర్వజిత్తులో."

"అప్పుడు లోకంలో ఏం జరుగుతోందో గుర్తుందా?"

ఇక ఆవిడ ఆగలేదు. నేను నోట్‌ప్యాడ్ మీద గీతలు గీసుకుంటూ వెంట పరిగెత్తాను.

"మా ఆయనే నేర్పేవారు. క్లచ్ వదిలినప్పుడల్లా కేకలు. ఆ సర్వజిత్తులోనే ఓ రోజు టీవీలో ఇక్కడి ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి, ఈ దేశపు ఆదివాసుల దగ్గర్నించి పిల్లల్ని లాక్కున్నందుకు క్షమాపణ చెప్పారు. జనం ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను. ఏడ్చి ఆయనతో అన్నాను, 'చూశారా, గవర్నమెంటే చెప్పింది, మీరు చెప్పలేరా?' అని. మర్నాడు పొద్దున్న నా లెర్నర్ ఎల్ ప్లేటు ఆయనే తుడిచి కారుకి తగిలించారు."

ఇదంతా నేను ఫస్ట్ పర్సన్‌లో చెప్పాలి కదా. నాలాంటి గడ్డం ఉన్న మనిషి "నా భర్త క్లచ్ గురించి నా మీద కేకలేసేవారు" అంటుంటే డాక్టర్ హెలెన్ పెదవి బిగించి వింది. మంచి డాక్టరు.

"తర్వాత ఉగాది వెళ్ళిన పది రోజులకి ఐపీఎల్ అని కొత్తగా మొదలెట్టారు. మన హైదరాబాదు అట్టడుగున నిలిచింది. మా ఆయన దిగులుతో వారం రోజులు కేకలెయ్యలేదు, నాకు గేర్లు అప్పుడే వచ్చాయి. శ్రావణంలో చైనాలో ఒలింపిక్స్. మనవాడు తుపాకీతో బంగారు పతకం కొట్టాడు, ఒక్కడే, మొట్టమొదటిసారి. మహాలయ పక్షాలు రేపో మాపో అనగా అమెరికాలో పెద్ద బ్యాంకు కూలిపోయింది. ఆ రోజులు శుభకార్యాలకి మంచివి కావని మనకి తెలుసు. బ్యాంకులక్కూడా కావని అప్పుడే తెలిసింది. మా అల్లుడి కాంట్రాక్టు ఆగిపోయింది, పాపం. కారు ఇంట్లోనే ఉండేది. రోజూ ప్రాక్టీసు."

"లైసెన్సు?"

"దీపావళికి వారం ముందు, మనవాళ్ళు చంద్రుడి మీదకి రాకెట్టు పంపిన రోజుల్లో. అది ఒక్క ప్రయత్నంలో వెళ్ళింది, నేను మూడో ప్రయత్నంలో. కార్తీకంలో అమెరికాకి నల్లజాతి ఆయన ప్రెసిడెంటుగా గెలిచాడు. ఆ వారమే మొదటిసారి ఒక్కర్తినే గుడికి నడుపుకుంటూ వెళ్ళాను."

ఆవిడ చేతి గాజులు సవరించుకున్నారు.

"ఆ కార్తీకం చివర్నే బొంబాయి. హోటళ్ళు కాలుతున్నాయి టీవీలో. మా తమ్ముడు అక్కడే ఉద్యోగం. రాత్రంతా ఫోను కలవలేదు. తెల్లారాక కలిసింది. 'బతికే ఉన్నానక్కా, ముందు కాఫీ తాగనీ' అన్నాడు వెధవ."

ఆ చివరి మాటని ప్రేమగా ఇంగ్లీషులోకి తేవడం నా చేత కాలేదు. ఒప్పుకుంటున్నాను.

డాక్టరు కంప్యూటర్‌లో ఏదో చూసింది. తర్వాత మెల్లగా అంది, "మీకు సంఘటనలు బాగా గుర్తున్నాయి. కానీ క్షమాపణ ఒక ఏడాది, చంద్రుడి రాకెట్టు మరో ఏడాది అన్నారు. రెండూ 2008లోనే. అక్కడ కొంచెం కలగాపులగం అయినట్టుంది."

పెన్ను ఫారం మీదకి వెళ్ళింది. సుభద్రమ్మ గారు ఏమంటోందన్నట్టు నా వైపు చూశారు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ మొహంలో మొదటిసారి భయం చూశాను.

"కలగాపులగమా? అంటే కారు పోయినట్టేనా, బాబూ?"

అది ఇంగ్లీషులో చెప్పాను. చెప్పాక, చెయ్యి ఎత్తాను, బళ్ళో ఎత్తినట్టు. మా రూళ్ళలో దీనికి ఒక దారుంది. సంస్కృతి తేడా వల్ల అపార్థం వస్తోందనిపిస్తే, ఇద్దరికీ చెప్పి, థర్డ్ పర్సన్‌లో మాట్లాడొచ్చు. "ఇంటర్‌ప్రిటర్ ఒక వివరణ ఇవ్వడానికి అనుమతి కోరుతున్నాడు" అన్నాను. పదమూడేళ్ళలో నన్ను నేను 'వాడు' అనుకోవడం అదే మొదలు.

"తెలుగు సంవత్సరం జనవరిలో మొదలవదు. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఉగాదికి మొదలవుతుంది. ప్రతి సంవత్సరానికీ ఒక పేరుంటుంది. ఇంతకు మించి ఇంటర్‌ప్రిటర్ ఏమీ చెప్పకూడదు. మీరు సరిచూసుకోవచ్చు."

డాక్టరు సరిచూసుకుంది. టైపు చేసింది, స్క్రోలు చేసింది, వేళ్ళు మడిచింది. 2008లో ఉగాది ఏప్రిల్‌లో. ఫిబ్రవరి క్షమాపణ దానికి ముందు, కాబట్టి సర్వజిత్తు. అక్టోబరు రాకెట్టు తర్వాత, కాబట్టి సర్వధారి. కలగాపులగం ఎక్కడా లేదు. ఆవిడ చెప్పిన వరస, కంప్యూటర్ చెప్పిన వరస ఒక్కటే. కాకపోతే కంప్యూటర్‌కి క్లచ్ సంగతి తెలియదు.

"మరి ఇందాక 2025 అని ఎందుకు చెప్పలేదు?" డాక్టరు అడిగింది.

"2025 అని మా మనవరాలూ చెప్తుంది, ఒకటో క్లాసు. పరీక్ష అన్నారు కదమ్మా, లైసెన్సు పరీక్ష. సులువైన జవాబు చెప్తే బుర్ర పనిచేస్తోందని ఎలా నమ్ముతారు? కష్టమైనవి ఏరి చెప్పాను."

డాక్టర్ హెలెన్ ఫారం మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ అడిగింది, ఈసారి ఇంగ్లీషు క్యాలెండర్లో చెప్పమని. సంవత్సరం, నెల, తేదీ, వారం టకటకా వచ్చేశాయి. ఋతువు దగ్గర "చెట్ల మాటే ఖాయం చేసుకోండి, ఆటమ్" అన్నారు.

"సుమారుగా టైమెంతయి ఉంటుంది? వాచీ చూడకుండా."

"పదిన్నర. మీ గోడ గడియారం పదకొండున్నర అంటోంది. మొన్న ఆదివారంతో ఇక్కడి ఎండాకాలం టైము అయిపోయింది, గంట వెనక్కి తిప్పాలి కదమ్మా, మర్చిపోయినట్టున్నారు."

డాక్టరు గడియారం చూసింది, నన్ను చూసింది, పెన్ను కింద పెట్టి నవ్వింది. బొమ్మలు గీయడం, మాటలు తిప్పి చెప్పడం లాంటి మిగతా భాగమంతా అరగంటలో సాఫీగా అయిపోయింది. అయినా కారు మర్చిపోయిన సంగతి ఉంది కాబట్టి, రోడ్డు మీద కూడా ఒకసారి చూడాలని రాసింది. అది న్యాయమే. సుభద్రమ్మ గారు కూడా "చూడనీ, భయమేముంది" అన్నారు, చేతిలో కొంగు నలుపుతూనే.

మూడు వారాల తర్వాత ఆ బుకింగ్ నాకే వచ్చింది. ఆన్-రోడ్ అసెస్‌మెంట్ అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు పక్క సీట్లో కూర్చుని, మనిషి నడపడం చూస్తూ నోట్సు రాసుకుంటుంది. ఇంటర్‌ప్రిటర్ వెనక సీట్లో, గుడి నించి తెచ్చే ప్రసాదం కూర్చునే చోట. "ఎడమవైపు తిరగండి," అన్నాను వెనకనించి.

"ఎడమ నాకు ఇంగ్లీషులోనే అర్థమైంది బాబూ. నువ్వు ముందు బెల్టు పెట్టుకో."

చూసుకున్నాను. పెట్టుకోలేదు. థెరపిస్టుకి ఈ రెండు వాక్యాలూ యథాతథంగా అనువదించాను. రూలు రూలే. ఆవిడ నోట్సులో రాసుకుంది. నా గురించి కాదని ఆశిస్తున్నాను.

యాభై నిమిషాలు. రెండు రౌండబౌట్లు, ఒక స్కూల్ జోన్, ఒక రివర్స్ పార్కింగ్, అదీ ఒకే ప్రయత్నంలో. చివర్లో థెరపిస్టు "నా సిఫారసు: లైసెన్సు కొనసాగించవచ్చు" అంది. నేను తెలుగులో చెప్పేలోపే సుభద్రమ్మ గారు ఫోను తీశారు.

"లక్ష్మీ, శనివారం తొమ్మిదింటికి రెడీగా ఉండు. ఆలస్యమైతే వదిలేసి పోతాను."

తర్వాత నా వైపు తిరిగి "రా బాబూ, స్టేషన్‌లో దింపుతాను" అన్నారు. క్లయింటు కారెక్కకూడదని మా నిబంధన. ఎక్కలేనని చెప్పాను. "పిచ్చి రూళ్ళు," అని ఆవిడ ఇండికేటర్ వేసి వెళ్ళిపోయారు. నా బస్సు నలభై నిమిషాలకి వచ్చింది. ఆ నలభై నిమిషాల్లో 2008లో నేనేం చేశానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. అప్పుడు ఇక్కడి యూనివర్సిటీకి కొత్తగా వచ్చాను, ఒక గొడుగు పోగొట్టుకున్నాను. గొడుగు ఒలింపిక్స్‌కి ముందు పోయిందో తర్వాత పోయిందో ఇప్పటికీ తేలలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయం, కానీ రోజూ పనికొస్తోంది. మాట పొల్లుపోకుండా దాటించడమే నా పని అనుకునేవాణ్ణి. నాలుగు సున్నాలు పడ్డప్పుడు ఒక్క మాటా పొల్లుపోలేదు, అయినా ఒక మనిషి కారు తాళాలు వదులుకోవడానికి నాలుగు మార్కుల మేర దగ్గరైంది. చెయ్యి మొదటి సున్నాకే ఎత్తాల్సింది. ఇప్పుడు ఇలాంటి బుకింగ్ వస్తే, సెషన్ మొదలయ్యే ముందు డాక్టర్ని రెండు నిమిషాలు అడిగి తీసుకుంటాను. మా పెద్దవాళ్ళు రెండు క్యాలెండర్లలో బతుకుతారని చెప్పి, దేంట్లో జవాబివ్వాలో వాళ్ళకి ముందే చెప్పమని అడుగుతాను. దాంతోపాటు ఇంకోటి కూడా చెప్పమంటాను: సులువైన జవాబుకి కూడా మార్కులుంటాయని. పరీక్ష అనగానే మనవాళ్ళు నమ్మని మాట అదొక్కటే.